ఏడు గుండీల అంగీ

సిస్టరక్క పోయిందని ఆమె చెల్లెలి కూతురు తెక్కలకోట నుంచి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను ఏడవలేదు. "ఎవరు చూసినారు?" అని అడిగాను.

"ఏంది మామా?"

"నాడి ఎవరు పట్టుకున్నారు? డాక్టరు వచ్చినాడా, లేక పక్కింటోళ్ళు చూసి చెప్పినారా? కండ్లలో లైటు వేసి చూసినారా?"

ఆ పిల్ల ఏడుస్తూనే నా మీద విరుచుకుపడింది. "డాక్టరు వచ్చి చూసి పాయ మామా. పది దినాల నుంచి పంటినొప్పి, పంటినొప్పి అంటాండె. ఈ పొద్దు చెమటలు పోసినాయి. కుర్చీలో కూచున్నట్లే పాయ. ఇంగా ఏం అడుగుతావు నువ్వు?"

నన్ను రాతిగుండె మనిషి అనుకోకండి. ఆమె పక్క కుర్చీలో పద్దెనిమిదేళ్ళు కూర్చున్నవాణ్ణి. ఒకరు చెప్పింది విని ఊరుకోకపోవడం, కాగితం మీద ఉన్నదాన్ని పట్టుకుని మనిషిని వదిలేయకపోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆమె చావు వార్త కూడా ఆమె నేర్పిన పద్ధతిలోనే విన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, బళ్ళారి బస్టాండులో తెక్కలకోట బస్సు కోసం నిలబడ్డప్పుడు.

మేమిద్దరం పనిచేసింది జైలు ఆసుపత్రిలో. ఆసుపత్రి అంటే పెద్దగా ఊహించుకోవద్దు. గేటు దాటగానే ఎడమ చేతివైపు రెండు గదులు, ఒక బల్ల, బీపీ మిషను, బరువు చూసే యంత్రం, మందుల బీరువా, అంతే. కొత్తగా వచ్చినవాళ్ళను డాక్టరు చూసేలోపల మొదట చూసేది ఆమె. ఆమె నర్సు, నేను ఫార్మసిస్టును. నన్ను ఫార్మసిస్టని పిలిచిన పుణ్యాత్ములు లేరు, అందరికీ కాంపౌండరునే. ఆమె మాత్రం లోపలివాళ్ళకూ బయటివాళ్ళకూ సిస్టరక్క. ఏ జైలో రాయను. బళ్ళారి వైపు అనుకోండి, చాలు. ఇంకా ఉద్యోగంలో ఉన్నవాణ్ణి, నా అనుమానాలు నాకుంటాయి.

జైలు గేటు దగ్గర ఒకరినొకరు నమ్మే మనిషి కనపడడు. కోర్టు నుంచి మనిషిని తీసుకొచ్చిన పోలీసులకు మా మీద అనుమానం: ఏదో వంక పెట్టి మళ్ళీ పెద్దాసుపత్రికి తిప్పుతారేమోనని. మా వార్డర్లకు వచ్చినవాడి మీద అనుమానం: జబ్బు నటించి ఆసుపత్రి మంచం ఎక్కాలని చూస్తున్నాడేమోనని. వచ్చినవాడికి అందరి మీదా అనుమానమే. రక్తం తీస్తే కేసులో పెడతారని ఒకడు, ఎక్కడో అమ్ముకుంటారని ఇంకొకడు. నీళ్ళిస్తే అందులో నిజం కక్కించే మందు కలిపారని గ్లాసు ముట్టనివాణ్ణి కూడా చూశాను. సిస్టరక్క అదే జగ్గులోంచి ముందు తాను తాగి, మూతి తుడుచుకుని, "చూడప్పా, నేనేమన్నా నిజం చెప్తాండానా?" అనేది. ఎంత బెదిరిపోయి వచ్చినవాడైనా దానికి నవ్వేవాడు.

ఆమె అనుమానం మా అందరి అనుమానంలాంటిది కాదు. "జబ్బు లేనోడు ఉండాదంటే నాకి భయం లేదప్పా. నాలుగు దినాలు పడుకుని లేసిపోతాడు. ఉండేటోడు లేదంటాడే, వాడే చచ్చిపోయేది" అనేది. టీబీ ఉందంటే బారక్‌లో ఎవరూ పక్కన పడుకోనివ్వరని దగ్గును మింగేవాళ్ళు ఉంటారు. షుగరు ఉందంటే అన్నం తగ్గిస్తారని దాచేవాళ్ళు ఉంటారు. స్టేషన్లో దెబ్బలు తిన్నామని చెబితే మళ్ళీ అదే స్టేషనుకు పోవాలేమోనని పక్కటెముకలు విరిగి కూడా నవ్వు మొహం పెట్టేవాళ్ళు ఉంటారు. ఆమె ఇరవై ఏళ్ళ ఉద్యోగమంతా వీళ్ళు చెప్పే "లేదు"ల మీదే నడిచింది.

ఆమెకొక పద్ధతి ఉండేది. బీపీ, బరువు అన్నీ అయ్యాక వచ్చినవాణ్ణి కిటికీ దగ్గర నిలబెట్టి, "అంగీ గుండీలు అన్నీ ఇప్పి, మళ్ళా పెట్టుకో" అనేది. అంగీ అంటే మావైపు చొక్కా. అంతే పరీక్ష. తొందరపెట్టేది కాదు, మాట్లాడించేది కాదు, ఊరికే చేతులు చూసేది. టీషర్టుతో వచ్చినవాడికీ, చిరిగిన చొక్కాతో వచ్చినవాడికీ మేకుకు తగిలించిన ఒక పాత అంగీ తీసి ఇచ్చేది. గీతల అంగీ, మోచేతులు వెలిసిపోయి ఉండేది. దానికి ఏడు గుండీలు. ఏడోది పెట్టుకున్నాక, "సరేప్పా, పా" అనేది. పా అంటే పద అని. ఆ రెండు మాటలు వినపడితేనే వార్డరు మనిషిని లోపలికి తీసుకెళ్ళేవాడు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో ఆ అంగీ నా నిద్ర చెడగొట్టింది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. మరి ఈ మగవాళ్ళ అంగీ ఎవరిది? ఎందుకు దాన్ని తనే ఉతికి, తనే గుండీలు కుట్టి, తనే మేకుకు తగిలిస్తుంది? స్టాఫులో ఒక్కొక్కరు ఒక్కొక్క కథ చెప్పేవారు. ఉరిశిక్ష పడినవాడిదని ఒకరు, చనిపోయిన అన్నదని ఒకరు, ఇంకొందరు చెప్పిన కథలు ఇక్కడ రాయలేను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అవన్నీ నేనూ కొంచెం కొంచెం నమ్మాను. రెండేళ్ళు ఓపికపట్టి ఒకరోజు టీ తాగుతూ అడిగేశాను.

"సంతలో కొంటి" అంది ఆమె. "పాతబట్టల కుప్పలో. దీని కాజాలు శానా బిగువు. గుండీ దూరల్లంటే వేలు సరిగ్గా తిరగల్ల, కన్ను సరిగ్గా చూడల్ల, మోచేయి పైకి లేయల్ల. నోరు ఏమన్నా చెప్పనీ, చేతులు చెప్పేస్తాయి." తర్వాత టీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "ఏం, నువ్వేమనుకుంటివి?"

నేను ఏమనుకున్నానో చెప్పలేదు. ఆమె ఊహించిందని ఇప్పటికీ నా అనుమానం.

ఆమె మీద నాకు గౌరవం పుట్టిన రోజు బాగా గుర్తు. ఒక మధ్యాహ్నం ఇద్దరు కానిస్టేబుళ్ళు నడివయసు రైతుకూలీని తెచ్చారు. చేతిలో ఫిట్‌నెస్ కాగితం ఉంది, దెబ్బలేవీ లేవని రాసి ఉంది. పెద్ద కానిస్టేబులు బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ "మేడం, బేగ సైన్ మాడ్రి, బస్సు తప్పిపోతుంది" అని కన్నడం, తెలుగు కలిపి తొందరపెడుతున్నాడు. సిస్టరక్క కాగితం రెండు వైపులా తిప్పి చూసింది.

"కాగితం ఫిట్టుగా ఉండాదప్పా. మనిషి యాడ?"

"ఇదో, నిలబడ్డాడు గదా మేడం."

"అంగీ ఇప్పు పెద్దాయనా."

అతను పై గుండీలు రెండు తీశాడు. మూడోదానికి వచ్చేసరికి కుడి భుజం ఆగిపోయింది. మొహం నవ్వుతూనే ఉంది, నుదుటి మీద చెమట పట్టింది. ఆమె లేచి వెళ్ళి మిగతా గుండీలు తనే తీసి, వీపు వైపు చూసి, మళ్ళీ తనే అన్నీ పెట్టింది. సంతకం చేయలేదు. చూసింది చూసినట్టు రాసి, డాక్టరుకు ఫోన్ చేసి, ముందు పెద్దాసుపత్రిలో చూపించి తెమ్మంది. కానిస్టేబులు బస్సు తప్పింది. పోతూ పోతూ అతను ఆమెను అన్న మాటలు నాకు గుర్తున్నాయి, ఆమెకు గుర్తున్నట్టు ఎప్పుడూ కనిపించలేదు.

జైలు బయట కూడా ఆమె తీరు మారేది కాదు. ఆటో ఎక్కితే డ్రైవరును "ఎన్ని వారాల నుంచి దగ్గుతాండావప్పా?" అని అడిగేది. మార్కెట్లో మునక్కాయలు ఎంచుతూ అమ్మే ఆవిడ కాళ్ళ వాపు చూసేది. మేమిద్దరం ఒకే చర్చికి పోయేవాళ్ళం, పాత మిషను కాలం నాటి చర్చి, మా తాతల పేర్లు కూడా అక్కడి పుస్తకాల్లో ఉంటాయి. ప్రార్థనలో అందరం కళ్ళు మూసుకుంటే ఆమె సగమే మూసేది. "పూర్తిగా మూస్తే నిద్రొస్తాదప్పా" అని సాకు చెప్పేది. నేను నమ్మేవాణ్ణి కాదు.

తాగుడు గురించి ఆమె అడిగే తీరు వేరుగా ఉండేది. "తాగుతావా?" అని ఎవర్నీ అడగదు. "కడసారి ఎప్పుడు తాగినావప్పా?" అంటుంది. తాగుతాడన్నది తేలిపోయిన సంగతే అన్నట్టు అడిగితే సిగ్గుపడటానికి సందు ఉండదు. తాగనివాడు "నేను తాగనక్కా" అని గట్టిగా చెబుతాడు, తాగేవాడు రోజు చెబుతాడు. ఆమెకు కావలసింది ఆ రోజే. రోజూ తాగే ఒంటికి గేటు దగ్గర ఒక్కసారిగా తాగుడు ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనిపిస్తాయి, మూర్ఛ వస్తుంది. చూసుకోకపోతే ప్రాణమే పోతుంది. బయటివాళ్ళు దాన్ని భయమంటారు, మా వార్డర్లు నాటకమంటారు. ముందే తెలిస్తే మందుంది, డాక్టరు రాస్తారు, మనిషి బతుకుతాడు. తెలియాలంటే వాడు చెప్పాలి, లేదా వాడి చేతులు చెప్పాలి.

ఇదంతా ఆమె నాకు ఒకటికి పదిసార్లు చెప్పింది. అంత తెలిసీ నేను చేసిన పని ఇప్పుడు రాస్తాను.

మా చర్చిలో డోలక్ వాయించే మనిషి ఒకడున్నాడు. ముప్పై దాటిన వయసు, కప్పగల్లు వైపు ఇల్లు, జీన్సు ప్యాంట్లు ఉతికే ఒక యూనిట్లో పని. ఇక్కడ డోలకప్ప అంటాను. రంగు నీళ్ళల్లో చేతులు నాని అతని గోళ్ళు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. ఆ నీలి గోళ్ళు డోలక్ మీద పడితే కూర్చున్నవాళ్ళ కాళ్ళు వాటంతట అవే కదులుతాయి. ఒక శనివారం సాయంత్రం నాలుగింటికి పోలీసులు తెచ్చిన నలుగురిలో అతనున్నాడు. యూనిట్లో గొడవ జరిగి, తోపులాటలో సూపర్‌వైజరు తలకు దెబ్బ తగిలిందట. ముందు రోజు పట్టుకున్నారు, కోర్టు రిమాండుకు పంపింది.

సిస్టరక్క ఆ రోజు సెలవు. బంధువుల పెళ్ళికి తెక్కలకోట పోయింది. బల్ల వెనక నేనొక్కణ్ణే ఉన్నాను.

మిగతా ముగ్గురినీ ఆమె పద్ధతిలోనే చూసి, డోలకప్ప వింటుండగానే ఒక్కొక్కరికీ "సరేప్పా, పా" అన్నాను. డోలకప్ప వంతు వచ్చేసరికి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అతనూ తల ఎత్తలేదు. వార్డరు పక్కనే ఉన్నాడు. రేపు ఆదివారం నేను చర్చిలో కూర్చుంటాను, అతని భార్య రెండు వరుసల ముందు కూర్చుంటుంది. ఈ మనిషిని ఆ వెలిసిపోయిన అంగీ తొడిగి గుండీలు పెట్టమని ఎలా అడగను? అడగలేదు. "తాగే అలవాటు లేదు గదా?" అన్నాను. నా నోటితో నేనే జవాబు కూడా ఇచ్చేసినట్టు అడిగాను.

అతను వార్డరును చూశాడు, నన్ను చూశాడు. "లేదన్నా" అన్నాడు.

నేను "లేదు" అని రాశాను. ఆ గదిలో అంతమందిని అనుమానించిన నేను ఆ ఒక్కణ్ణి నమ్మాను.

మర్నాడు ఆరాధనలో పాట మొదలైంది గాని డోలక్ మోగలేదు. సిస్టరక్క పెళ్ళి నుంచి తెల్లవారి బస్సుకే తిరిగొచ్చి నేరుగా చర్చికి వచ్చింది, పెళ్ళికి కట్టిన పట్టుచీర అలాగే ఉంది. ఆమె సగం మూసిన కళ్ళు ఖాళీగా ఉన్న డోలక్ దగ్గర ఆగాయి. ఆరాధన అయిపోగానే డోలకప్ప భార్యను చర్చి వెనక కొళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. నేను చెప్పులు వెతుక్కుంటున్నట్టు అక్కడే తచ్చాడాను.

"యాడ మీ ఆయన?"

అతని భార్య ఏడుస్తూ జరిగింది చెప్పింది. సిస్టరక్క మిగతా కథ వినలేదు. "దినామూ తాగుతాండె గదా? శుక్రవారం తాగినాడా?"

ఆ పిల్ల చుట్టూ చూసింది. నన్ను చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అక్కా, చర్చిలో చెప్పద్దక్కా. పాస్టరయ్యకి తెలిస్తే డోలక్ ముట్టనియ్యడు. అదొక్కటే అక్కా ఆయనకి."

"తాగినాడా లేదా?"

"దినామూ తాగుతాడు. శుక్రవారం పొద్దున్నే తాగినాడు. ఆ సాయంత్రమే పట్టుకుపోయిరి."

సిస్టరక్క నా వైపు తిరిగింది. "నిన్న ఎవరు చూసినారు?"

"నేనే."

"అంగీ?"

తల అడ్డంగా ఊపాను.

"ఏం రాసినావు?"

"లేదని."

ఆమె రోడ్డు మీదికి వెళ్ళి ఆటోకు చేయి ఎత్తింది. ఆ ఆటోలో ఆమె పక్కన కూర్చున్న పావుగంట నా ఉద్యోగంలో అన్నిటికంటే పొడవైన పావుగంట. తిట్టి ఉంటే బాగుండేది.

డోలకప్పను పిలిపించారు. నడుచుకుంటూ వచ్చాడు, మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "బాగుండానక్కా" అన్నాడు. వెనక వచ్చిన వార్డరు "పొద్దున్నుంచీ నాటక మాడ్తానె మేడం, గోడకేసి ఏదో గొణుగుతాడు" అన్నాడు. సిస్టరక్క మేకు మీది అంగీ తీసి అతనికి తొడిగింది.

"పెట్టుకోప్పా."

మొదటి గుండీని మూడో కాజాలో దూర్చాడు. తీశాడు. మళ్ళీ అక్కడే దూర్చాడు. ఆ వేళ్ళు నేను ఎన్ని ఆదివారాలు చూశాను! దరువు ఎక్కడా తప్పని వేళ్ళు. అవి ఒక చిన్న గుండీని పట్టుకోలేక జారిపోతున్నాయి. తర్వాత గుండీలు వదిలేసి రెండు చేతులతో అంగీ దులుపుకోవడం మొదలుపెట్టాడు.

"దీని నిండా చీమలుండాయక్కా" అన్నాడు.

అంగీ మీద ఒక్క చీమ లేదు.

ఆమె అతని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది. "ఉండాయిలేప్పా. నేను దులుపుతా, నువ్వు కూచో" అంది. ఒక చేత్తో నిజంగానే అంగీ దులుపుతూ, ఇంకో చేత్తో డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన చెప్పిన ఇంజక్షను నేను బీరువాలోంచి తీసి ఇచ్చాను. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి పై అనుమతి రావాలి, ఎస్కార్టు రావాలి. గేటు దగ్గర నిలబడి ఆమె పట్టుచీరలో ఎవరెవరికి ఫోన్ చేసిందో, ఏం అరిచిందో, అరగంటలో వ్యాను కదిలింది. దారిలో అతనికి మూర్ఛ వచ్చింది. ఆమె అతన్ని పక్కకు తిప్పి, తల కింద తన పట్టుచీర కొంగు మడతపెట్టి పట్టుకుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చేశాను. ఆ రోజు నేనూ కళ్ళు తెరిచే చేశాను.

అతను బతికాడు. బారక్‌లో గోడకేసి తిరిగి ఉన్నప్పుడు ఆ మూర్ఛ వచ్చి ఉంటే బతికేవాడు కాదని డాక్టరు నాతో మామూలు గొంతుతో చెప్పారు. ఆ మామూలు గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

సోమవారం పొద్దున్నే నేను అతని ఫారం తీసి "లేదు" అన్న మాట మీద పెన్ను పెట్టాను. సిస్టరక్క నా మణికట్టు పట్టుకుంది.

"దిద్దొద్దు. అది అట్లే ఉండనీ. కింద ఈ దినం తేదీ వేసి, చూసింది రాయి."

"తప్పు నాది అని అందరికీ తెలుస్తాదక్కా."

"తెలియనీ. రేపు ఈ బల్ల కాడ కూచునేటోడికి కూడా తెలియల్ల." కాసేపటికి మెల్లగా అంది, "నువ్వు వాన్ని నమ్మలేదప్పా. మన చర్చిని నమ్మినావు. వాడు మూడు నెలల నుంచి ప్రభు భోజనంలో ఇచ్చే ద్రాక్షరసం చిన్న గ్లాసు, చేతులు వణికి, పెండ్లాం చేత పట్టించుకుని తాగుతాండాడు. నువ్వు కండ్లు మూసుకుని ఉంటివి."

డోలకప్పకు బెయిలొచ్చింది, వైద్యం జరిగింది. చాలా నెలల తర్వాత మళ్ళీ డోలక్ దగ్గర కూర్చున్నాడు. జైలుకు పోయొచ్చాడని చర్చిలో అందరికీ తెలుసు, తాగుడు సంగతి మాత్రం బయటికి రాలేదు. సిస్టరక్క ఆ మాట మళ్ళీ ఎత్తలేదు, నాతో కూడా. కానీ అతను నన్ను చూసినప్పుడల్లా కళ్ళల్లో ఒక ప్రశ్న ఉండేది. ఒకసారి చర్చి గేటు దగ్గర అడిగేశాడు, "అన్నా, నువ్వు ఎవరికన్నా చెప్పినావా?" నేను లేదన్నాను. అతను సరేనని తల ఊపాడు, నమ్మలేదు. నమ్మకపోవడమే సరి. అతన్ని పెద్దాసుపత్రిలో చేర్చి వచ్చిన ఆ ఆదివారం రాత్రే మా ఇంట్లో ఆవిడకు అంతా చెప్పేశాను. ఆవిడ ఎవరికీ చెప్పలేదంటుంది. ఏమో.

ఈ స్మృతి రాసేముందు అతని దగ్గరికి వెళ్ళి అడిగాను. "సిస్టరక్క గురించి అయితే రాయన్నా. పేరొద్దు" అన్నాడు.

ఆమె రిటైరై మూడేళ్ళయింది. వీడ్కోలు రోజు శాలువా కప్పితే దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, నాకు మేకు చూపించింది. "అంగీ వారానికోసారి ఉతుకు. గుండీ ఊడితే నువ్వే కుట్టు, ఇంకొకరికి ఇయ్యద్దు, కాజాలు వదులు చేసేస్తారు." అదే ఆమె వీడ్కోలు ఉపన్యాసం. తర్వాత తెక్కలకోటలో చెల్లెలి ఇంటికి పోయింది. ఆ ఊళ్ళోనూ బస్సు దిగినవాళ్ళ నడక చూస్తూ అరుగు మీద కూర్చునేదని చెల్లెలి కూతురు చెప్పి నవ్వేది.

పోవడానికి పది రోజుల ముందు నేను తెక్కలకోట వెళ్ళి ఆమెను చూశాను. ఇది రాయడానికే ఇంతసేపూ వెనకాడుతున్నాను. టీ పోస్తూ రెండుసార్లు ఆగింది. ఎడమ దవడ మీద చేయి పెట్టుకుంది.

"ఏందక్కా?"

"పన్నప్పా. పీకించల్ల."

నా జేబులో నొప్పి బిళ్ళల అట్ట ఉంది. రెండు చించి ఆమె చేతిలో పెట్టాను. దవడకు వచ్చే నొప్పి అన్నిసార్లూ పంటిది కాదని, గుండెది కూడా కావచ్చని నాకు చెప్పింది ఆమే. అదే బల్ల దగ్గర, ఎన్నోసార్లు. ఏ ఖైదీ అయినా ఆ మాట అని ఉంటే నేను బీపీ మిషను తీసేవాణ్ణి, మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని అడిగేవాణ్ణి. ఆమె అంది కాబట్టి నమ్మాను. ఆమె బిళ్ళలు తీసుకుని, "మంచిదిలే కాంపౌండరప్పా" అని నవ్వింది.

ఆమెకు తెలుసా? తెలిసే పన్ను అన్నదా? ఉండేవాడు లేదంటాడని జీవితమంతా చెప్పిన మనిషి తన వంతు వచ్చేసరికి అదే చేసిందా? లేక తన ఒంటి మీద మాత్రం ఆమెకు అనుమానం రాలేదా? ఈ అనుమానం నన్ను వదలదు. అడగడానికి ఆమె లేదు. నాకు ఆమె మీద కోపంగా కూడా ఉంది, ఆ మాట దాచను.

తెక్కలకోటలో భూస్థాపనకు ముందు పెట్టెను చర్చి ముందు పందిట్లో ఉంచారు. తెల్లచీర కట్టారు. కళ్ళు పూర్తిగా మూసి ఉన్నాయి, అలా నేను ఎప్పుడూ చూడలేదు. కడసారి చూపుకు జనం వరుసగా వస్తున్నారు. చెల్లెలి కుటుంబం, చర్చివాళ్ళు, మా జైలు స్టాఫు ఇద్దరు ముగ్గురు, ఇంకా ఆ ఊరికి ఎవరో తెలియని మగవాళ్ళు కొందరు. వాళ్ళెవరని చెల్లెలి కూతురు నన్ను అడిగింది. తెలియదన్నాను. నిజానికి ఇద్దరిని గుర్తుపట్టాను, ఒకప్పుడు మా బల్ల ముందు నిలబడినవాళ్ళే.

ఆ వరుసలో డోలకప్ప వచ్చాడు. పని నుంచి నేరుగా బస్సెక్కినట్టున్నాడు, గోళ్ళు ఇంకా నీలంగానే ఉన్నాయి. పెట్టె ముందు ఆగాడు. పువ్వులు వేయలేదు. చొక్కా పై గుండీ విప్పాడు. తర్వాతది విప్పాడు. అన్నీ విప్పాడు. ఉక్కగా ఉందేమో అనుకున్నారు జనం, ఎవరో విసనకర్ర అందించబోయారు. అతను తీసుకోలేదు. ఆమె మొహాన్నే చూస్తూ, పై నుంచి ఒక్కొక్క గుండీ మళ్ళీ పెట్టుకోవడం మొదలుపెట్టాడు. ప్రతి గుండీ దాని కాజాలోనే పడింది. చివరిది పెట్టుకుని, చేతులు రెండూ కిందికి వదిలి అలాగే నిలబడిపోయాడు.

"ఏందప్పా, ముందుకి జరుగు" అన్నారు వెనక నుంచి. అతను జరగలేదు.

దేనికోసం ఆగాడో నాకు తెలుసు. వెళ్ళి అతని పక్కన నిలబడ్డాను.

"సరేప్పా, పా" అన్నాను.

అతను నా వైపు తిరిగి చూసి కదిలాడు. ఎప్పుడూ ఉండే ఆ ప్రశ్న అతని కళ్ళల్లో ఇంకా ఉందో లేదో నాకు తెలియదు. నేను అతని చేతులు చూస్తున్నాను. వణకడం లేదు.